పాత రిటర్నులు పెండింగులో ఉన్నాయా? 2026 మార్చి 31 మర్చిపోకండి

'టాక్స్ జీతంలోనే కట్ అయిపోతోంది కదా, ఇంకా రిటర్ను ఎందుకు?'

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఏటా జూలై నెలలో ఈ మాట తప్పకుండా వినపడుతుంది. అడిగేవాళ్ళు లెక్కలు రానివాళ్ళేం కాదు, రోజంతా కంప్యూటర్‌తో లెక్కలు చేయించేవాళ్ళే. అయినా టీడీఎస్ కట్ అవడం వేరు, రిటర్ను వెయ్యడం వేరు అన్న సంగతి చాలామందికి పట్టదు. కంపెనీ కట్ చేసింది మీ తరఫున జమ చేసిన డబ్బు మాత్రమే. 'నా మొత్తం ఆదాయం ఇంత, అందుకు పన్ను ఇంత' అని చెప్పాల్సింది మనమే. మినహాయింపులు తీసెయ్యకముందు ఉన్న ఆదాయం బేసిక్ పరిమితి దాటితే చాలు, చివరికి పన్ను సున్నా అయినా రిటర్ను వెయ్యాల్సిందే.

ఒక ఏడాది తప్పిపోవడం పెద్ద విషయం కాదు. అసలు చిక్కు రెండో ఏడాది మొదలవుతుంది. 'పోయినేడాదిది వెయ్యలేదు, ఇప్పుడు వేస్తే పాతది అడుగుతారేమో, కొరివితో తల గోక్కోవడం ఎందుకు' అని రెండోదీ వదిలేస్తారు. మూడో ఏడాదికి భయం ఇంకా పెరుగుతుంది. ఇలా నాలుగేళ్ళు పోగుపడ్డాక హోమ్ లోన్‌కో, వీసాకో వెళితే 'మూడేళ్ళ ఐటీఆర్‌లు తీసుకురండి' అంటారు. అప్పుడు పరుగు మొదలవుతుంది.

ముందుగా ఒక్క మాట. ప్రతి ఏడాదీ దేనికదే. పాతది వెయ్యలేదని ఈ ఏడాదిది ఆపాల్సిన పని లేదు. ఈ ఏడాదిది వెయ్యడానికి పాతది అడ్డూ కాదు. నాలుగేళ్ళ మూటను ఒకేసారి ఎత్తబోతే బరువే. విప్పి ఒక్కో ఏడాదీ విడిగా చూస్తే చాలామంది అనుకున్నంత ఘోరంగా ఉండదు. అయితే ఒక్కో ఏడాదికీ ఒక్కో గడువు ఉంది, అది దాటితే ఖర్చు పెరుగుతుంది.

వాళ్ళకి తెలియదనుకోవద్దు

పోర్టల్‌లో ఏఐఎస్ అని ఒక స్టేట్‌మెంట్ ఉంటుంది. 2021 నవంబరు నుంచి అందుబాటులోకి వచ్చింది. మీ జీతం, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ, డివిడెండ్లు, అమ్మిన షేర్లు, మ్యూచువల్ ఫండ్లు అన్నీ అందులో కనిపిస్తాయి. 30 లక్షలు దాటిన ఇల్లో ప్లాటో కొన్నా, సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షలకు మించి నగదు వేసినా ఆ సమాచారం కూడా శాఖకు చేరుతుంది. కాబట్టి దాక్కుందామన్న ఆలోచనకు అర్థం లేదు.

అలాగని జైలు ఊహించుకుని నిద్ర పోగొట్టుకోనక్కర్లేదు. రిటర్ను వెయ్యనందుకు ప్రాసిక్యూషన్ సెక్షన్ చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ టీడీఎస్, అడ్వాన్స్ టాక్స్ పోగా ఇంకా కట్టాల్సిన పన్ను 10 వేలు దాటకపోతే వ్యక్తులకు అది వర్తించదు. మామూలు ఉద్యోగికి ఎదురయ్యేది వడ్డీ, లేటు ఫీజు, అదనపు పన్ను. అంటే డబ్బు సమస్య. డబ్బు సమస్యను లెక్క వేసి తేల్చుకోవచ్చు.

ఏయే ఏళ్ళో తేల్చుకోండి

పోర్టల్‌లోకి పాన్ నంబరుతో లాగిన్ అయి ఇదివరకు వేసిన రిటర్నుల జాబితా చూడండి. ఇక్కడ కొందరికి ఆశ్చర్యం ఎదురవుతుంది. వేసేశాం అనుకున్న ఏడాది పక్కన 'ఈ-వెరిఫికేషన్ పెండింగ్' అని ఉంటుంది. రిటర్ను అప్‌లోడ్ చేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతోనో, మరో పద్ధతిలోనో వెరిఫై చెయ్యాలి. చెయ్యకపోతే వెయ్యనట్టే లెక్క. దానికి పోర్టల్‌లోనే ఆలస్యాన్ని మన్నించమని కోరే అవకాశం ఉంది.

ఇంకో తికమక, ఏడాది పేరు. 2022 ఏప్రిల్ నుంచి 2023 మార్చి దాకా సంపాదించిన దానికి అసెస్‌మెంట్ ఇయర్ 2023-24. సంపాదన ఒక ఏడాది, మదింపు ఆ మరుసటి ఏడాది అన్నమాట. దీన్ని తప్పుగా ఎంచుకుని చలానా కడితే డబ్బు ఇంకో ఏడాది ఖాతాలోకి పోతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఈ రెండు పేర్ల గొడవ ఉండదు. కానీ పాత ఏళ్ళ లెక్క 1961 చట్టం ప్రకారమే నడుస్తుంది.

ఆ తర్వాత ప్రతి ఏడాదికీ 26ఏఎస్, ఏఐఎస్ డౌన్‌లోడ్ చేసుకోండి. పాత కంపెనీ ఫామ్ 16 దొరక్కపోతే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి. కంపెనీయే మూతపడి ఉంటే 26ఏఎస్‌లో టీడీఎస్ వివరాలు ఎలాగూ ఉంటాయి, పేస్లిప్పులూ బ్యాంకు స్టేట్‌మెంటూ కలిపి జీతం లెక్క కట్టుకోవచ్చు. కాగితాలన్నీ ముందు పెట్టుకుంటే మీ పాత ఏళ్ళు మూడు రకాలుగా విడిపోతాయి.

ఒకటి: పన్ను బాకీ ఉన్న ఏడాది

మా రంగంలో ఇది ఎక్కువగా వచ్చేది ఉద్యోగం మారినప్పుడు. పాత కంపెనీ ఆరు నెలల జీతానికే లెక్క వేసి స్టాండర్డ్ డిడక్షనూ, తక్కువ శ్లాబులూ ఇచ్చేస్తుంది. పాత జీతం సంగతి మనం చెప్పకపోతే కొత్త కంపెనీ కూడా మళ్ళీ మొదటి నుంచీ అవే ఇస్తుంది. రెండు జీతాలూ కలిపి చూస్తే పన్ను తక్కువ కట్ అయినట్టు బయటపడుతుంది.

ఇలాంటి ఏళ్ళ కోసమే 2022లో 'అప్‌డేటెడ్ రిటర్ను' తెచ్చారు. దాన్నే ఐటీఆర్-యు అంటారు. మొదట్లో అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక రెండేళ్ళే గడువు. 2025 ఏప్రిల్ నుంచి దాన్ని నాలుగేళ్ళు చేశారు. దాంతో మూసుకుపోయాయనుకున్న పాత ఏళ్ళ తలుపులు కూడా మళ్ళీ తెరుచుకున్నాయి. ఆలస్యం పెరిగేకొద్దీ పన్ను, వడ్డీల మొత్తం మీద అదనపు పన్ను కూడా పెరుగుతుంది. 2026 మార్చి 31లోపు వేస్తే ఇలా ఉంటుంది:

2024-25 అసెస్‌మెంట్ ఇయర్‌కు 25 శాతం.
2023-24కు 50 శాతం.
2022-23కు 60 శాతం.
2021-22కు 70 శాతం.

ఏప్రిల్ 1 వచ్చేసరికి ఒక్కో ఏడాదీ ఒక్కో మెట్టు పైకి జరుగుతుంది. 2021-22కు ఈ దారి పూర్తిగా మూసుకుపోతుంది.

ఒక లెక్క చూద్దాం. ఉద్యోగం మారిన ఒకరికి 2023-24 అసెస్‌మెంట్ ఇయర్‌లో 5 లక్షలు దాటిన ఆదాయం ఉంది, టీడీఎస్ పోగా 40,000 బాకీ తేలిందనుకుందాం. 2025 డిసెంబరులో వేస్తున్నారు. రిటర్ను ఆలస్యానికి నెలకు ఒక శాతం చొప్పున 29 నెలల వడ్డీ 11,600. అడ్వాన్స్ టాక్స్ కట్టనందుకు 33 నెలలకు 13,200. వాయిదాలు తప్పినందుకు ఇంకో 2,020. మొత్తం వడ్డీ 26,820. పన్ను, వడ్డీ కలిపి 66,820. అందులో సగం, అంటే 33,410 అదనపు పన్ను. లేటు ఫీజు 5,000. అన్నీ కలిపితే 1,05,230 రూపాయలు.

నలభై వేలు లక్ష దాటింది! ఇదే పని మార్చి దాటించి ఏప్రిల్‌లో చేస్తే వడ్డీ పెరిగి, అదనపు పన్ను 60 శాతమై మొత్తం 1,17,032 అవుతుంది. నాలుగు నెలల బద్ధకం ఖరీదు దాదాపు 12 వేలు.

ఈ లెక్కలో కాస్త ఊరట కూడా ఉంది. 2023-24, అంతకు ముందు ఏళ్ళకు పాత పన్ను విధానమే డిఫాల్టు. కాబట్టి ఆ ఏళ్ళలో నిజంగా కట్టిన పీఎఫ్, ఎల్ఐసీ, ఇంటద్దె వంటివి రుజువులుంటే ఇప్పుడు కూడా చూపించుకోవచ్చు. బాకీ తగ్గిందంటే దాని మీద పడే వడ్డీ, అదనపు పన్ను కూడా తగ్గుతాయి. అందుకే పాత రశీదులు వెతికిన తర్వాతే లెక్క తేల్చండి.

రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఐటీఆర్-యు ఒక ఏడాదికి ఒక్కసారే వెయ్యగలం, తప్పు పోతే దిద్దుకునే వీలుండదు. 2025 నాటి నిబంధన ప్రకారం, ఆ ఏడాది మీద శాఖ ఇప్పటికే రీఅసెస్‌మెంట్ మొదలుపెట్టి ఉంటే ఈ దారి పనికిరాదు. అంటే నోటీసు వచ్చాక చూద్దాంలే అనుకునేవాళ్ళకు అప్పుడు చూడ్డానికేమీ మిగలదు.

రెండు: రిఫండ్ రావాల్సిన ఏడాది

ఫ్రీలాన్స్ పని చేస్తే పది శాతం టీడీఎస్ పట్టుకుంటారు, మొత్తం ఆదాయం చూస్తే పన్నే పడదు. ఊళ్ళో అమ్మానాన్నల ఎఫ్‌డీ మీద ఫామ్ 15హెచ్ ఇవ్వడం మర్చిపోతే బ్యాంకు టీడీఎస్ పట్టేస్తుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్ళ ఎన్ఆర్ఓ ఖాతా వడ్డీలో మామూలుగా 30 శాతం, పైన సెస్సు కోస్తారు. ఇక్కడ ఇంకే ఆదాయమూ లేకపోతే అందులో చాలా భాగం వెనక్కి రావాల్సిన డబ్బే.

ఈ డబ్బు ఐటీఆర్-యుతో రాదు. రిఫండ్ అడగడానికి, నష్టం చూపించడానికి అది పనికిరాదు. సెక్షన్ 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవాలి. 2024 అక్టోబరు 1న సీబీడీటీ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన అయిదేళ్ళలోపు అర్జీ చేరాలి. అంటే 2020-21 రిఫండ్‌కు కూడా 2026 మార్చి 31 ఆఖరి రోజు. కోటి రూపాయల లోపు క్లెయిములను ప్రిన్సిపల్ కమిషనర్ లేదా కమిషనర్ స్థాయిలో తేలుస్తారు. వీలైనంత వరకు ఆరు నెలల్లో నిర్ణయం చెప్పాలని అదే సర్క్యులర్ అంటోంది. ఎందుకు వెయ్యలేకపోయారో నిజమైన ఇబ్బంది చూపించాలి. ఆస్పత్రి కాగితమో, విదేశంలో ఉన్నట్టు పాస్‌పోర్టు పేజీలో జతచేస్తే అర్జీకి బలం. ఆలస్యంగా వచ్చిన రిఫండ్‌కు వడ్డీ మాత్రం ఇవ్వరు.

మూడు: అటూ ఇటూ కాని ఏడాది

టీడీఎస్ సరిగ్గా సరిపోయింది. కట్టాల్సిందీ లేదు, రావాల్సిందీ లేదు. అదనంగా కట్టేది లేనప్పుడు ఐటీఆర్-యు పనికొచ్చేది కాదు. ఇలాంటి ఏడాదికి ఫామ్ 16, 26ఏఎస్, బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక ఫోల్డర్‌లో భద్రంగా పెట్టుకోండి. శాఖ నుంచి ప్రశ్న వస్తే జవాబు అందులోనే ఉంటుంది.

అన్నిటికన్నా ముందు 2025 డిసెంబరు 31

2025-26 అసెస్‌మెంట్ ఇయర్ రిటర్ను వెయ్యనివాళ్ళు పాతవాటి కన్నా ముందు దీన్ని అందుకోండి. 2025 సెప్టెంబరు 16తో మామూలు గడువు పోయింది. 2025 డిసెంబరు 31 దాకా లేటు ఫీజుతో వేసే వీలు ఇచ్చారు. ఆదాయం 5 లక్షల లోపైతే వెయ్యి, దాటితే 5 వేలు. ఇందులో రిఫండ్ కూడా అడగొచ్చు. జనవరి 1 వచ్చిందంటే రిఫండ్‌కు అర్జీ దారి, బాకీకి ఐటీఆర్-యు దారి, అంతే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆలస్యంగా వేసేవాళ్ళకు పాత పన్ను విధానం ఎంచుకునే వీలు లేదు. 2024-25 నుంచి కొత్త విధానమే డిఫాల్టు, పాతది కావాలంటే గడువులోపే వెయ్యాలి. హెచ్ఆర్ఏ, 80సీ, హోమ్ లోన్ వడ్డీ చూపించి కంపెనీలో టీడీఎస్ తగ్గించుకున్నవాళ్ళకు ఇప్పుడు బాకీ తేలొచ్చు. షేర్లలో వచ్చిన నష్టాన్ని వచ్చే ఏళ్ళకు తీసుకెళ్ళే వీలు కూడా పోతుంది.

అమెరికా కంపెనీల ఆర్ఎస్‌యూలు ఉన్నవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ఇక్కడ నివాసి అయిన వ్యక్తి పేరు మీద విదేశీ షేర్లు ఉంటే, ఆదాయం ఎంతైనా రిటర్ను తప్పదు, వాటి వివరాలు చూపించడమూ తప్పదు. ఇది సొంత వైద్యానికి లొంగదు, సీఏ దగ్గరికి వెళ్ళండి.

రిఫండ్‌లో వాటా అడిగేవాళ్ళకు దూరం

'పాతవన్నీ నేను చూసుకుంటా, వచ్చిన రిఫండ్‌లో ఇంత శాతం ఇవ్వండి' అనే ఏజెంట్లు ప్రతి ఆఫీసు వాట్సాప్ గ్రూపులోనూ ఉంటారు. వాళ్ళు పెట్టేది ఇవ్వని విరాళాలు, కట్టని అద్దెలు. 2025 జూలైలో శాఖ ఇలాంటి దొంగ క్లెయిముల మీద దేశమంతటా తనిఖీలు చేసింది. రిటర్ను మీ పేరు మీద ఉంటుంది కాబట్టి జవాబు చెప్పుకోవాల్సింది మీరే. ఫీజు పనికి ఇవ్వండి, రిఫండ్‌లో వాటాగా కాదు.

మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కి నోటీసుకు జవాబివ్వకండి. శాఖ పంపే ఉత్తరం మీద డిన్ నంబరు ఉంటుంది, అది అసలైనదో కాదో పోర్టల్‌లోనే చూసుకోవచ్చు.

ఇక పని వరస. 2025 డిసెంబరు 31లోపు 2025-26 రిటర్ను. 2026 మార్చి 31లోపు బాకీ ఉన్న పాత ఏళ్ళు. అందులోనూ తలుపు మూసుకుపోబోతున్న 2021-22 ముందు. రిఫండ్ అర్జీల్లో 2020-21 ముందు. ప్రతిదానికీ పన్ను మొదట, రిటర్ను తర్వాత, చివర్లో వెరిఫికేషన్. ఒక ఆదివారం కూర్చుంటే కనీసం ఏయే ఏళ్ళో, ఏ రకమో తేలిపోతుంది. మిగతాది కాగితాల మీద లెక్క.