పాత మోటారు సైకిళ్ల యంత్రములలో చమురు ప్రవాహము

సోలాపురము పూర్వభాగమున, సాఖరుపేట, అశోక చౌకు ప్రాంతములలో తెలుగు పద్మశాలీల మరమగ్గముల చప్పుడు నేటికిని వినవచ్చును. దుప్పట్లకును తువాళ్లకును పేరొందిన యీ పేటలలో మగ్గమునకు చమురు పెట్టుట తెలియనివారుండరు. ఇరుసు కాగినచో రెండు చుక్కలు వేయుదురు, పని సాగును. కాని మోటారు సైకిలు యంత్రమునకు చుక్కలు చాలవు. దాని ఇరుసులకు చమురు ఎడతెగక పారుచుండవలెను. పాత బండ్లలో ఆ పారుదల యెట్లు జరుగును, తగ్గినచో దాని నెట్లు సరిచేయవలెను అనునదే యీ వ్యాసవిషయము.

మొదట చమురు చేయు పనిని గ్రహింపవలెను. 1883లో ఇంగ్లండునందు బీచమ్ టవర్ రైలుబండి ఇరుసుల బేరింగులను పరీక్షించుచు, బేరింగు నడినెత్తిన ఒక రంధ్రము తొలిపించెను. ఇరుసు తిరుగగానే చమురు ఆ రంధ్రమునుండి పైకి ఉబికెను. కొయ్యబిరడా బిగింపగా దానినిగూడ వెలికి నెట్టెను. 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ ఇందలి కారణమును గణితముచే నిరూపించెను. తిరుగు ఇరుసు చమురును ఇరుకు సందులోనికి లాగుకొనిపోవును. అచట పుట్టిన ఒత్తిడియే బరువును మోయును. కావున బరువు మోయునది పంపు కాదు. తగినంత చమురు నందించుటయే పంపు పని. వేడిని మోసికొనిపోవుట ఆ ప్రవహించు చమురు పని. త్రోవ పూడినప్పుడు, పూడికకు ముందున్న మాపకము అధికమైన ఒత్తిడిని చూపవచ్చును. ఆవలి ఇరుసుకు మాత్రము చమురు అందదు.

ఉదాహరణకు, 1955లో మద్రాసున ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థవారి ఇనుప సిలిండరు బుల్లెట్టును తీసికొందము. దీని చమురు తొట్టి యంత్రపు పెట్టెలోనే ప్రత్యేకమైన గదిగా నుండును. పంపులు రెండు. ఒకటి చమురును వడపోత గుండ క్రాంకు ఇరుసులోనికి, అచటినుండి కనెక్టింగ్ రాడ్డు పెద్ద బేరింగునకు పంపును. రెండవది అడుగున చేరిన చమురును తోడి రాకరులకును తొట్టికిని చేర్చును. ఆ పెద్ద బేరింగు చాలకాలము వరకు రోలర్లు లేని బుష్షుగా నుండెను. చమురు తగ్గినచో మొదట చెడునది అదియే.

ప్రవాహము తగ్గుటకు ముఖ్యకారణములు మూడు. మొదటిది, మడ్డి చేరిన వడపోత. యంత్రము వేడిగా నుండగా చమురు దింపి, వడపోతను మార్చవలెను. రెండవది, పంపు బిళ్లపై పడిన గీతలు. వానిగుండ చమురు వెనుకకు జారును. బిళ్లను దాని పీఠముపై సన్నని రాపిడిపొడితో సమముగా అరగదీసి, పొడి లేశమైనను మిగులకుండ కడుగవలెను. మూడవది వేడి. వేసవిలో 40 డిగ్రీలు దాటు సోలాపురమున, గాలిలో తేలు నూలుపీచు సిలిండరు రెక్కల నడుమ జిడ్డుతో గట్టిపడినచో వేడి వెలికి పోదు. చమురు పలుచబడి, అరిగిన పంపునుండి మరింత జారును. రెక్కలను శుభ్రపరచి, యీ యంత్రమునకు తగిన 20డబ్ల్యూ-50 తరగతి చమురు వాడవలెను.

పెద్ద పంపులు అమర్చుటయు కలదు. కాని తోడు పంపు శక్తి, పంపు పంపు శక్తికంటె అధికముగా నుండవలెను. లేనిచో అడుగున చమురు నిండి పొగ వెడలును. రంధ్రములను వెడల్పు చేయుట అంతకంటె ప్రమాదము. ఒకచోట ఎక్కువ పారినచో వేరొకచోట కరవగును. జావా, రాజ్‌దూత్ వంటి రెండు దెబ్బల యంత్రములలో చమురు పెట్రోలుతోనే కలియును గనుక ఈ విధానము వానికి వర్తింపదు.

పరీక్ష సులభము. బుల్లెట్టు మెల్లగా తిరుగుచుండగా రాకరు గొట్టపు మరను కొంచెము వదులు చేసినచో చమురు ఊరవలెను. ఊరనిచో వెంటనే యంత్రము నాపవలెను. అయితే ఈ పరీక్ష తోడు పంపును మాత్రమే తెలుపును. పెద్ద బేరింగునకు పోవు త్రోవను విడిగా చూడవలెను. తువాళ్ల మూటలను అంగడికి చేర్చువానికి బండి నిలిచిన దినము కూలి పోయిన దినమే. వడపోత మార్చుటకు పట్టు వ్యయము స్వల్పము. క్రాంకు విప్పి బేరింగు వేయించుటకు పట్టు వ్యయము దానికి అనేక రెట్లు.