ఆరు నుంచి మూడుకు: మోకాలి నొప్పి లెక్కలు

70 కిలోల బరువున్న మనిషి రెండు కాళ్ల మీద కదలకుండా నిలబడితే ఒక్కో మోకాలి మీద పడే ఒత్తిడి సుమారు 75 కిలోలు. నడిస్తే అడుగడుగునా 183. మెట్లు ఎక్కితే 221, దిగితే 242. ఇవి ఊహించి వేసిన అంకెలు కావు. బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి పరిశోధకులు మోకాలి మార్పిడి చేయించుకున్న ఐదుగురి కృత్రిమ కీళ్లలో సెన్సర్లు అమర్చారు. వాళ్లు లేస్తుంటే, కూర్చుంటుంటే, నడుస్తుంటే లోపల ఎంత భారం పడుతోందో నేరుగా కొలిచి 2010లో ప్రచురించారు. వాళ్లు శరీర బరువులో శాతాలుగా ఇచ్చిన కొలతలను నేను 70 కిలోల మనిషికి లెక్కగట్టాను.

ఊరికే నిలబడితేనే ఒక్క మోకాలి మీద ఒంటి బరువును మించి పడటమేమిటని అనుమానం రావచ్చు. కీలు ఒరిగిపోకుండా చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని పట్టుకుంటాయి. ఆ లాగుడు కూడా కీలు మీదే పడుతుంది. మోకాలు వంగేకొద్దీ తొడ కండరం మరింత లాగాలి కాబట్టి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కుర్చీలోంచి లేవడానికే 172 కిలోలు. మన ఇళ్లలో పెద్దవాళ్లు పీట మీంచి లేస్తూ గోడ పట్టుకుని "అమ్మా" అనడానికి కారణం వయసు మాత్రమే కాదు, ఈ భారం కూడా.

మెట్లు ఎక్కడం కన్నా దిగడమే బరువు అన్నది ఆ కొలతల్లో చాలామందికి కొత్త సంగతి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కనుక అదే కష్టమని అనుకుంటాం. మోకాలికి మాత్రం అసలు పరీక్ష దిగేటప్పుడే. ఇంట్లో డాబా మెట్లకైనా ఇదే వర్తిస్తుంది. రెయిలింగ్ పట్టుకోవాలి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయాలి. చేతికర్ర వాడితే నొప్పి ఉన్న కాలికి అవతలి వైపు చేతిలో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దానివల్ల మోకాలికి పెద్దగా ఊరట ఉండదు. బ్రెజిల్‌లో 64 మందిపై జరిగిన పరీక్షలో అవతలి వైపు చేతి కర్రతో రెండు నెలలు నడిచినవారికి నొప్పి తగ్గింది. కర్ర పడితే ముసలితనం ఒప్పుకున్నట్టేనని ఆడవాళ్లు, మగవాళ్లు కూడా వెనకాడతారు. ఆ సంకోచం ఖరీదు రోజూ మోకాలే కడుతుంది.

ఈ బాధ ఎందరిది? 2020లో ప్రపంచంలో 59.5 కోట్ల మందికి ఆస్టియో ఆర్థరైటిస్ (కీళ్ల అరుగుదల) ఉందని అంచనా, అంటే జనాభాలో 7.6 శాతం. మన దేశంలో 1990లో 2.3 కోట్లుగా ఉన్న సంఖ్య 2019 నాటికి 6.2 కోట్లకు చేరింది. ప్రపంచవ్యాప్తంగా వీరిలో సుమారు 60 శాతం స్త్రీలు. ఆయుష్షు పెరగడం, ఒళ్లు పెరగడం ఇందుకు పెద్ద కారణాలు. పని తీరూ తోడవుతుంది. బీజింగ్‌లో వృద్ధులపై చేసిన అధ్యయనంలో, యౌవనంలో రోజుకు మూడు గంటలకు పైగా గొంతుక్కూర్చుని గడిపినవారిలో మోకాలి అరుగుదల దాదాపు రెట్టింపు కనిపించింది. అంట్లు తోమడం, కలుపు తీయడం, ముగ్గు వేయడం అన్నీ గొంతుక్కూర్చునే చేసిన తరం మనది. ఇప్పుడు ఆ తరానికి కాస్త ఎత్తయిన కుర్చీ, పాశ్చాత్య తరహా కమోడ్, దాని పక్కన గోడకు పట్టుకోవడానికి ఒక కమ్మీ కావాలి. బాత్రూములో పెట్టే ఆ కాస్త ఖర్చు ఏ మందుకూ తీసిపోదని నా నమ్మకం.

"మోకాలిలో గుజ్జు అయిపోయింది, ఎముకలు రాసుకుంటున్నాయి" అని ఎక్స్‌రే చూసి చెప్పగానే మనిషి సగం కుంగిపోతాడు. ఎక్స్‌రేలో అరుగుదలను 0 నుంచి 4 వరకు అంచెలుగా లెక్కపెట్టే పద్ధతి 1957 నాటిది, కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు రూపొందించారు. నేటికీ అదే వాడుకలో ఉంది. అయితే ఆ అంచెకూ నొప్పికీ సంబంధం అంత గట్టిది కాదు. నాలుగో అంచెలో ఉండి కూడా బజారుకు నడిచి వెళ్లేవారున్నారు. రెండో అంచెలోనే రాత్రి నిద్ర పట్టనివారూ ఉన్నారు. కండరాల బలం, ఒంటి బరువు, నిద్ర, దిగులు, కీలు లోపలి వాపు అన్నీ నొప్పిని పెంచుతాయి, తగ్గిస్తాయి. అరిగిన మృదులాస్థిని తిరిగి పెంచే మందు ఇంతవరకూ లేదు. పైన చెప్పినవాటిలో మాత్రం మన చేతిలో ఉన్నవి చాలా ఉన్నాయి.

అందుకే కొలవాల్సింది ఎక్స్‌రేను కాదు, నొప్పిని. 0 అంటే నొప్పి లేదు, 10 అంటే ఊహించగలిగినంత నొప్పి. నొప్పి పరిశోధనల్లో రెండు పాయింట్లు గానీ, ఉన్నదానిలో 30 శాతం గానీ తగ్గితే రోగి "నాకు నిజంగా తగ్గింది" అంటాడని తేలింది. ఆరుతో బాధపడేవారికి నాలుగుకు రావడం గెలుపే, మూడు అయితే మరీ మంచిది. సున్నా చేస్తామని ఎవరైనా మాటిస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయాలి.

ఇదే కొలత వ్యాయామానికీ పనికొస్తుంది. నొప్పి ఉన్న కాలిని కదిపితే ఇంకా అరుగుతుందన్న భయం మన దగ్గర చాలా లోతైనది. స్కాండినేవియా దేశాల ఫిజియోథెరపిస్టులు వాడే సూత్రం ఈ భయానికి మంచి విరుగుడు. వ్యాయామం చేస్తుండగా నొప్పి 2 లోపు ఉంటే నిశ్చింత. 5 వరకు ఉన్నా ఫరవాలేదు. 5 దాటితే తగ్గించాలి. చేశాక పెరిగిన నొప్పి 24 గంటల్లో మామూలు స్థితికి రావాలి. రాకపోతే మర్నాడు మానేయక్కర్లేదు, సగం చేస్తే చాలు. నొప్పిని చూసి ఆగిపోవడానికీ, మొండిగా భరించి మూడు రోజులు మంచం పట్టడానికీ మధ్య ఉన్న దారి ఇదే.

ఏం చేయాలన్నది పెద్ద విద్య కాదు. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి, తొడ కండరం బిగించి, ఐదు లెక్కపెట్టి దించాలి. పదేసి సార్లు, రెండు కాళ్లకూ. వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా కాలు జానెడు ఎత్తు లేపడం ఇంకొకటి. కాస్త బలం వచ్చాక చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ఫలితం వారంలో కనపడదు, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఎక్కువమంది మూడో వారంలోనే వదిలేస్తారు. నడక విషయానికొస్తే, మోకాలి అరుగుదల ఉన్నవారు, వచ్చే అవకాశం ఉన్నవారిపై 2014లో వెలువడిన అమెరికా అధ్యయనం రోజుకు 6,000 అడుగుల దగ్గర గీత గీసింది. అంతకు మించి నడిచినవారు తర్వాతి రెండేళ్లలో కాళ్ల పట్టు కోల్పోవడం తక్కువ. ఒక్కసారిగా నడవనక్కర్లేదు. పొద్దున కొంత, సాయంత్రం కొంత, వీధి చివరి దాకా వెళ్లి రావడం అన్నీ కలుపుకోవచ్చు.

వ్యాయామం నొప్పిని ఎంత తగ్గిస్తుంది? 2015లో కోక్రేన్ సంస్థ 44 పరీక్షలను కలిపి చూస్తే 100 పాయింట్ల కొలతలో సుమారు 12 పాయింట్లు తగ్గింది. అంటే మన పదిలో ఒకటికి కాస్త పైన. తక్కువే అనిపిస్తుంది. బరువు తగ్గడం దీనికి తోడైతే లెక్క మారుతుంది. 2005లో అమెరికాలో మెస్సియర్ బృందం ప్రచురించిన పరిశోధన ప్రకారం ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగుకు మోకాలి మీద భారం నాలుగు కిలోలు తగ్గుతుంది. ఐదు కిలోలు తగ్గితే అడుగుకు ఇరవై. రోజుకు 6,000 అడుగులు వేస్తే ఒక్కో కాలి వంతు 3,000. అంటే ఒక్కో మోకాలు రోజుకు 60 టన్నుల భారం తప్పించుకుంటుంది. అదే బృందం 454 మందిని 18 నెలలు గమనించింది. ఆహారం, వ్యాయామం రెండూ పాటించినవారు సగటున 10.6 కిలోలు తగ్గారు. వ్యాయామం మాత్రమే చేసినవారు 1.8 కిలోలు. నొప్పిలో కూడా మొదటివారిదే పైచేయి. మనకు దీని అర్థం మూడు పూటలా అన్నం, మధ్యలో తీపి టీ, పండగకు అరిసెలు అన్న వరస మీద కన్నేయడమే. నడవలేని మనిషిని "బరువు తగ్గు" అని గద్దించడం క్రూరత్వం. ఇంటిల్లిపాదీ పళ్లెం మార్చుకుంటేనే ఆ మనిషి పళ్లెం మారుతుంది.

మందుల సంగతి క్లుప్తంగా. పైపూత డైక్లోఫెనాక్ జెల్ మొదట వాడదగ్గది. ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి సగానికి తగ్గినవారు జెల్ రాసుకున్నవారిలో 60 శాతం, మందు లేని జెల్ రాసుకున్నవారిలో 50 శాతం. తేడా చిన్నదే, కానీ పొట్టకూ కిడ్నీలకూ ప్రమాదం చాలా తక్కువ. నొప్పి మాత్రలు బీపీ, షుగర్, కిడ్నీ సమస్య, అల్సర్ ఉన్నవారికి చేటు చేయగలవు. షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగడం మానాలి. మనకు దొరికే చాలా నొప్పి మాత్రల్లో పారాసిటమాల్ కలిపే ఉంటుంది. విడిగా ఇంకో పారాసిటమాల్ వేసుకుంటే పెద్దలకు గరిష్ఠమైన రోజుకు 4 గ్రాముల గీత తెలియకుండానే దాటిపోవచ్చు. వేడి కాపడం 15–20 నిమిషాలు హాయినిస్తుంది. షుగర్ వల్ల కాళ్లకు స్పర్శ తగ్గినవారు మాత్రం వేడిని చేత్తో చూసుకుని పెట్టాలి.

ఇక అసలు ఖర్చు ఎక్కడ అవుతోందో చూడాలి. రోగి సొంత రక్తం లోంచి ప్లేట్‌లెట్లు తీసి మోకాలిలోకి ఎక్కించే పీఆర్‌పీ ఇంజెక్షన్లు మన నగరాల్లో జోరుగా సాగుతున్నాయి. ఆస్ట్రేలియాలో 288 మందిపై వీటిని పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. సగం మందికి పీఆర్‌పీ, సగం మందికి ఉత్త సెలైన్. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకు చెప్పలేదు. ఏడాది తర్వాత పీఆర్‌పీ వారికి పదిలో 2.1 పాయింట్లు తగ్గింది. సెలైన్ వారికి 1.8. గ్లూకోజమైన్, కాండ్రాయిటిన్ మాత్రల కథ కూడా ఇంతే. 2006లో వెలువడిన, 1,583 మందిపై జరిగిన అమెరికా పరీక్షలో రెండూ కలిపి వేసుకున్నవారిలో 66.6 శాతానికి నొప్పి తగ్గింది. ఉత్త మాత్ర వేసుకున్నవారిలో 60.1 శాతానికి. ఆ తేడా గణాంకాల పరీక్షకు నిలవలేదు. మోకాలిలోకి గొట్టం దూర్చి శుభ్రం చేసే ఆర్థ్రోస్కోపీని హ్యూస్టన్‌లో 180 మందిపై పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించారు. కొందరికి చర్మం మీద కోత పెట్టి కుట్లు వేశారంతే. రెండేళ్లు చూసినా శుభ్రం చేయించుకున్నవారు వీరికన్నా ఏమీ మెరుగ్గా లేరు.

ఈ అంకెలను ఓపిగ్గా చదవాలి. "పక్కింటావిడకు ఆ ఇంజెక్షన్‌తో తగ్గింది" అన్న మాట అబద్ధం కాదు. ఆమెకు నిజంగానే తగ్గింది. ఉప్పునీటికే 1.8 పాయింట్లు తగ్గుతున్నప్పుడు తగ్గకుండా ఎలా ఉంటుంది? ఈ నొప్పి ఎగుడుదిగుళ్లతో నడుస్తుంది. భరించలేనంత పెరిగినప్పుడే మనం డాక్టరు దగ్గరికి వెళ్తాం, ఆ తర్వాత అది దానంతటదే కొంత దిగుతుంది. ఎవరో శ్రద్ధగా చూశారన్న ఊరట ఇంకొంత దించుతుంది. పై తేడాయే మందు విలువ, పీఆర్‌పీకి అది 0.3. వ్యాయామానికి వచ్చిన 1.2 కూడా పూర్తిగా వ్యాయామానిదే కాదు. ఉత్తుత్తి వ్యాయామం చేయించి పోల్చడం కష్టం కనుక నమ్మకం పాలు అందులోనూ ఉంటుంది. అయితే వ్యాయామానికి అప్పు చేయనక్కర్లేదు, బీపీ, షుగర్ అదుపుకూ అది తోడ్పడుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎక్కువ వాపు ఉన్నప్పుడు కొన్ని వారాలు ఊరటనిస్తుంది. మూడు నెలలకొకటి చొప్పున రెండేళ్లు ఇచ్చి చూసిన 2017 పరీక్షలో మాత్రం నొప్పిలో సెలైన్‌తో తేడా లేదు, మృదులాస్థి పలచబడటం మాత్రం 0.21 మిల్లీమీటర్లకు చేరింది. సెలైన్ వారిలో అది 0.10.

కీలు ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా, పొద్దున బిగుతు గంటకు మించి ఉంటున్నా అది ఈ జబ్బు కాకపోవచ్చు. అరుగుదల వల్ల వచ్చే బిగుతు సాధారణంగా అరగంటలో వదులుతుంది. పైన చెప్పిన లక్షణాలుంటే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి.

కీలు మార్పిడి గురించి మన దేశంలో ఇంటింటా మాట్లాడుకున్నది 2000 అక్టోబరులో, ప్రధానిగా ఉన్న వాజ్‌పేయికి ముంబైలో ఎడమ మోకాలు మార్చినప్పుడు. కుడి మోకాలు 2001 జూన్‌లో మార్చారు. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ కీళ్ల ధరకు కళ్లెం వేసింది. అంతకుముందు సగటున 1.58 లక్షలున్న కోబాల్ట్ క్రోమియం కీలు పన్ను కాక 54,720 రూపాయలకు దిగింది. ఆసుపత్రి ఖర్చు విడిగా ఉంటుంది. మార్చిన మోకాళ్లలో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి. అయితే దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆపరేషన్ తర్వాత కూడా నొప్పి మిగులుతుంది. ఈ రెండో అంకెను ముందే చెప్పే సర్జన్‌ను నమ్మవచ్చు.

2015లో ఫలితాలు వెలువడిన ఒక పరీక్షలో డెన్మార్క్‌లో మార్పిడికి అర్హులైన 100 మందిని రెండు జట్లు చేశారు. అందరికీ 12 వారాల వ్యాయామం, ఆహార సలహా, నొప్పి మందులు ఇచ్చారు. ఒక జట్టుకు అదనంగా ఆపరేషన్ కూడా చేశారు. ఏడాదికి ఆపరేషన్ జట్టు 100లో 32.5 పాయింట్లు మెరుగుపడింది, రెండో జట్టు 16. ఆపరేషన్ ఎక్కువ మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. తీవ్రమైన ఇబ్బందులు మాత్రం ఆ జట్టులో 24, రెండో దానిలో 6. రెండో జట్టులోని 50 మందిలో ఆ ఏడాదిలో ఆపరేషన్ చేయించుకున్నవారు 13 మంది. మిగిలిన 37 మంది అప్పటికి అవసరం లేదనుకున్నారు. సర్జన్ తేదీ ఇచ్చాక కూడా, ఆ తేదీ మూడు నెలల దూరంలో ఉంటే, ఆ పన్నెండు వారాలూ కుర్చీలో కూర్చుని కాలు చాపే పని మొదలుపెట్టవచ్చు. ఆపరేషన్ తప్పకపోయినా, మంచం మీంచి మొదటిసారి లేచి నిలబడాల్సింది ఆ తొడ కండరంతోనే.