ఓడ దిగిన తరువాత మిగిలే చీటీ

నేల మీద నడిచిన మనిషికి అడుగుజాడ అయినా మిగులుతుంది. సముద్రం మీద ఓడ నడిచిన దారి మరుక్షణంలోనే చెరిగిపోతుంది. అందుచేతనే ఓడ ప్రయాణం చేసినవారు ఏ కాలంలోనైనా ఏదో ఒక చీటీని పెట్టె అడుగున భద్రపరచుకొంటూ వచ్చారు. నేటి విహారనౌకల్లో ఆ చీటీ స్థానాన్ని ఆక్రమించినది క్రూజ్ కార్డు. దానిని దాచుకొనుటలో గల అర్థమేమిటి, అది దేనికి రుజువు కాగలదు, దేనికి కాజాలదు అనే విషయాలను వివరించుటయే ఈ వ్యాసోద్దేశం.

క్రూజ్ కార్డు అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ బిళ్ళ. ప్రయాణికుని పేరు, ఓడ పేరు, బయలుదేరిన తేదీ, ఆపద సమయంలో అతడు చేరవలసిన స్థలం గుర్తు సాధారణంగా దానిపై ముద్రితమై ఉంటాయి. అదే గది తాళపుచెవి. అదే ఓడలోని ఖర్చుల ఖాతా పుస్తకం. రేవులో దిగేటప్పుడు, తిరిగి ఎక్కేటప్పుడు ఓడ మెట్ల వద్ద దానిని యంత్రానికి చూపాలి. ఎవరు నేలపై ఉన్నారో, ఎవరు ఓడపై ఉన్నారో ఓడవారికి తెలిసేది ఆ లెక్కవల్లనే. కార్డు పోగొట్టుకొంటే దొరికినవారు నేరుగా గదిలో ప్రవేశించకుండా, గది సంఖ్యను చాలా సంస్థలు దానిపై ముద్రించవు.

యాత్ర ముగియగానే ఖాతా మూసివేయబడుతుంది. తాళం తెరిచే శక్తి కార్డుకు పోతుంది. అప్పటినుండి అది వట్టి జ్ఞాపికయే. అయినా దానిని దాచినవారికి ఒక ప్రయోజనం లేకపోలేదు. పూర్వం ఎన్ని యాత్రలు చేశారో లెక్కించి, పాత ప్రయాణికులకు నౌకాసంస్థలు కొన్ని సౌకర్యాలు కల్పిస్తాయి. వివాహానంతరం ఇంటిపేరు మారినా, పేరు వ్రాతలో ఒక అక్షరం తేడా వచ్చినా ఒకే మనిషి యాత్రలు ఇద్దరి పేర్లలో పడిపోవచ్చు. అటువంటప్పుడు ఓడ పేరు, తేదీ గల పాత కార్డు ఆ లెక్క సరిదిద్దడానికి ఆధారమవుతుంది.

సంస్థల లెక్కలను పూర్తిగా నమ్ముకొని ఉండరాదనుటకు మన దేశంలోనే ఉదాహరణ కలదు. 2019 ఏప్రిల్‌లో జలేష్ క్రూజెస్ సంస్థ ముంబయి నుండి 'కర్ణిక' అనే విహారనౌకను నడపనారంభించింది. కోవిడ్ మహమ్మారి తాకిడికి 2020లో ఆ సంస్థ మూతపడింది; ఓడ గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరి తుక్కుగా విడదీయబడింది. సంస్థ లేదు, ఓడ లేదు. ఆ ఓడలో ప్రయాణించినవారి సొరుగులలో కార్డులు మాత్రం ఉండవచ్చు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థవారి 'ఎంప్రెస్' నౌక విశాఖపట్నం వచ్చింది. 2023లో అక్కడ విహారనౌకల టెర్మినల్ ప్రారంభమైంది. కాబట్టి తెలుగువారి ఇళ్లలో కూడ ఇటువంటి కార్డులు చేరుతున్నవి. ఇంతలో కార్డు రూపమే మారుతున్నది. 2017 నుండి ప్రిన్సెస్ సంస్థ తన ఓడల్లో కార్డుకు బదులు నాణెమంత బిళ్ళను ప్రవేశపెట్టింది. చేతిఫోనే చీటీ అయిన చోట దాచుకొనుటకు వస్తువే మిగలదు.

అయితే ఈ రుజువుకు హద్దులున్నవి. ఫలానా పేరుగలవాడు ఫలానా తేదీన ఫలానా ఓడ ఎక్కాడని కార్డు చెప్పగలదు. ఏ రేవులో దిగాడో, ఎవరితో వెళ్ళాడో, ఎందుకు వెళ్ళాడో చెప్పజాలదు. న్యాయస్థానంలోనో, ప్రభుత్వ కార్యాలయంలోనో అది పాస్‌పోర్టుకు సాటి రాదు. తోడుగా మనిషి మాట లేని కార్డు సగం సాక్ష్యమే.

విలాసయాత్రల చీటీకి ఇంత విచారమెందుకని కొందరు అడుగవచ్చు. అంతకుముందు మన పెద్దలు దాచిన చీటీలు విలాసానివి కావు. హజ్ యాత్రకు మన ప్రాంతం నుండి వెళ్ళినవారు రైలులో బొంబాయి చేరి, అక్కడి నుండి ఓడలో జెద్దా వెళ్ళేవారు. 1877లో స్థాపితమైన నౌకాసంస్థ, తరువాత మొగల్ లైన్‌గా పేరుపొంది, చిరకాలం ఈ యాత్రికులను చేరవేసింది. 1986లో అది షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. 1995తో ఆ ఓడ ప్రయాణాలు ముగిసి, విమానయానమే మిగిలింది. నాటి యాత్రికునికి తిరుగు టికెట్టు ప్రాణంతో సమానం. ఆ కాగితం లేనివాడు పరదేశపు రేవులో దిక్కులేక నిలిచిపోవలసివచ్చేది. చేతిలో సొమ్ము లేక జెద్దాలో చిక్కుకొన్న యాత్రికుల బాధలు ప్రభుత్వాన్ని ఎంతో కాలం కలవరపెట్టాయి. 1959లో రిజర్వు బ్యాంకు హజ్ యాత్రికుల కొరకు ప్రత్యేకంగా పది, నూరు రూపాయల నోట్లు విడుదల చేసింది. నేడు వాటిని నాణెముల సేకర్తలు వెదకి వెదకి కొంటున్నారు.

మరొక వర్గం ప్రయాణికులకు చీటీని దాచుకొనే భాగ్యమే అరుదు. 1860 అక్టోబరులో మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు లక్షన్నరకు పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా నటాల్‌కు తరలిపోయారు. వారిలో తెలుగువారు అనేకులు. ప్రతివానికి ఒక సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, గ్రామం, ఒంటిమీది పుట్టుమచ్చలు కూడ ఓడ జాబితాలలో వ్రాశారు. ఆ వ్రాత వారి కొరకు కాదు, పని చేయించుకొనేవారి కొరకు. అయినా నేడు వారి మునిమనుమలు పూర్వుల ఊరిని వెదకుకొనేది ఆ జాబితాలలోనే. మారిషస్‌లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ అటువంటి పత్రాలను భద్రపరచింది. 2024 మార్చిలో అక్కడి భారత సంతతికి ఏడవతరం వరకు ఓసీఐ కార్డు అవకాశం కల్పిస్తున్నట్లు ప్రకటించినప్పుడు ఆ పాత పుటల విలువ మరింత పెరిగింది. గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసిన ఊరిపేరు ఒక్కటే కొన్ని కుటుంబాలకు మిగిలిన ఆస్తి.

దీనినిబట్టి ఒక సత్యం బోధపడుతుంది. సంస్థగాని, ప్రభుత్వంగాని తన అవసరం మేరకే లెక్క ఉంచుతుంది. అవసరం తీరిన నాడు ఉంచినా ఉంచవచ్చు, పారవేసినా పారవేయవచ్చు. మన ప్రయాణపు అర్థాన్ని నిలుపుకొనే బాధ్యత మనదే.

ఆ బాధ్యత నెరవేర్చుటకు పెద్ద ఖర్చు అక్కరలేదు. కార్డుకు రెండువైపులా ఛాయాచిత్రం తీసి ఉంచాలి. ఎండ, తేమ తగలని పెట్టెలో పెట్టాలి. పాత కాగితాలను అతుకు టేపుతో అంటించరాదు. ప్లాస్టిక్ పొరతో లామినేషన్ చేయించరాదు. అవి కాలక్రమాన కాగితాన్ని పాడుచేస్తాయి. అసలు పత్రంపై ఏమీ వ్రాయక, వేరొక చీటీపై రేవుల పేర్లు, తోడున్నవారి పేర్లు, ప్రయాణకారణం వ్రాసి జతపరచాలి. యాత్ర ముగియకముందే సంకేతరేఖలున్న కార్డు చిత్రాన్ని పదిమందికి పంపరాదు.

మిగిలినది మన కళాశాల చేయగల పని. మన ప్రాంతంలో అనేక గృహాలలో తాతగారి యాత్రాపత్రాలు, ఉత్తరాలు ఉర్దూలో ఉన్నవి. చదువవలసిన మనుమలకు ఆ లిపి రాదు. మరికొన్ని ఇళ్లలో రంగూన్, మలయా నుండి వచ్చిన తెలుగు ఉత్తరాలు చదివేవారు లేక పడి ఉన్నవి. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే తరగతి బల్లపై కూర్చుండే చోట ఈ కొరత తీరకపోవుటకు కారణం లేదు. సెలవులలో ప్రతి విద్యార్థి తన ఇంటి పెట్టెను పెద్దల సమక్షంలో తెరిచి, ఒక్క పత్రాన్ని చదివించుకొని, దాని కథను వ్రాసి తేవాలి. ఆ ప్రతులకు గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయించవలసినదిగా కళాశాల సంఘంవారిని కోరుచున్నాము. ఓడ ఎక్కినవారు చాలామంది వెళ్ళిపోయారు. వారిని ఎరిగినవారు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. అడుగవలసిన సమయం ఇదే.