సోయా మాంసకృత్తులు, కొలెస్టరాల్: రైతుకు, వినియోగదారునికి ఏమి చెప్పాలి?

సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలోని కొల్లూరు ఒక తరం క్రితం వరకు పొలాల ఊరు. ఇప్పుడు దాని పక్కగా బాహ్యవలయ రహదారి సాగుతోంది. 2023 జూన్‌లో ప్రారంభమైన రెండు పడక గదుల ఇళ్ల సముదాయంలోనే 15,660 నివాసాలున్నాయి. పటాన్‌చెరు, పాశమైలారం కర్మాగారాలకు షిఫ్టు పనికి వెళ్లివచ్చే కుటుంబాలు ఈ ప్రాంతమంతటా విస్తరించాయి. కొంతకాలం క్రితం అక్కడ ఆహార పంటల వినియోగంపై మాట్లాడుతుండగా నడివయసు కార్మికుడొకరు లేచి ఇలా అడిగారు: "సారూ, కొవ్వు ఎక్కువున్నదని డాక్టరు గోలీ రాసిండు. సోయా తింటే కొవ్వు తగ్గుతదని కాయితంల చదివిన. రెండు నెలల సంది మీల్ మేకర్ తింటున్న, గోలీ బంద్ పెట్టిన. మంచిదేనా?"

ఆ కాగితం ఎవరు పంచారో ఆయనకు గుర్తులేదు. అందులోని సారాంశం మాత్రం నాకు కొత్తది కాదు. రోజుకు 25 గ్రాముల సోయా మాంసకృత్తులు తీసుకుంటే గుండెజబ్బు ముప్పు తగ్గుతుందని అనేక సంవత్సరాలపాటు తరగతి గదిలో నేనూ చెప్పాను. ఆ తరువాత వచ్చిన పరిశోధనలను పాఠంలో చేర్చడంలో ఆలస్యం చేశాను. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు అదే పొరపాటు చేయకూడదనే ఉద్దేశంతో ఈ విషయాన్ని మొదటి నుండి పరిశీలిస్తున్నాను.

25 గ్రాముల మాట ఎక్కడిది?

1995లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆండర్సన్ బృందం 38 వైద్య పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి విశ్లేషించింది. సగటున రోజుకు 47 గ్రాముల సోయా మాంసకృత్తులు తీసుకున్నవారిలో మొత్తం కొలెస్టరాల్ 9.3 శాతం, చెడు కొలెస్టరాల్‌గా పిలిచే ఎల్.డి.ఎల్. 12.9 శాతం తగ్గాయి. ప్రారంభంలో కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నవారిలో తగ్గుదల కూడా ఎక్కువగా కనిపించింది. ఈ ఆధారాల బలంతో 1999 అక్టోబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ సోయా ఆహారాల పొట్లాలపై ఆరోగ్య ప్రకటనను అనుమతించింది. సంతృప్త కొవ్వు, కొలెస్టరాల్ తక్కువగా ఉన్న ఆహారంలో భాగంగా రోజుకు 25 గ్రాముల సోయా మాంసకృత్తులు గుండెజబ్బు ముప్పును తగ్గించవచ్చునని దాని భావం. ఆ వాక్యం ప్రపంచమంతా తిరిగింది. తిరిగే క్రమంలో మొదటి సగం జారిపోయి, 25 గ్రాములు మాత్రమే మిగిలింది.

2006లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అప్పటివరకు వచ్చిన పరీక్షలను తిరిగి చూసింది. రోజుకు సగటున 50 గ్రాముల సోయా మాంసకృత్తులు తీసుకున్నా ఎల్.డి.ఎల్. తగ్గుదల సుమారు 3 శాతమేనని తేల్చింది. ఐసోఫ్లేవోన్లను విడిగా ఇచ్చినప్పుడు కొలెస్టరాల్‌పై చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. 2012లో యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ వేరుచేసిన సోయా మాంసకృత్తులకు ఇటువంటి ప్రకటనను అంగీకరించలేదు. 2017 అక్టోబరులో అమెరికా సంస్థ తన 1999 అనుమతిని ఉపసంహరించే ప్రతిపాదన చేసింది. ఆ సంస్థ పరిగణించిన 46 పరీక్షలను 2019లో కెనడా పరిశోధకులు విశ్లేషించగా, రోజుకు సుమారు 25 గ్రాములతో ఎల్.డి.ఎల్. 3 నుండి 4 శాతం తగ్గినట్లు తేలింది. కాబట్టి ప్రభావం ఉంది; అది స్వల్పం.

ఈ స్వల్పాన్ని అంకెలలో చూద్దాం. ఎల్.డి.ఎల్. 150 మిల్లీగ్రాములున్న వ్యక్తిలో 4 శాతమంటే 6 మిల్లీగ్రాములు. వైద్యులు రాసే స్టాటిన్ మాత్రలు రకాన్ని, మోతాదును బట్టి 30 నుండి 50 శాతం వరకు తగ్గిస్తాయి. ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాజాలదు.

ప్రభావం ఎలా కలుగుతుంది?

సోయాలోని ప్రధాన నిల్వ మాంసకృత్తులు గ్లైసినిన్, బీటా కాంగ్లైసినిన్. వీటి జీర్ణక్రియలో ఏర్పడే పెప్టైడ్లు కాలేయ కణాలపై ఎల్.డి.ఎల్.ను గ్రహించే గ్రాహకాల సంఖ్యను పెంచవచ్చునని ప్రయోగశాల పరిశోధనలు సూచిస్తున్నాయి. ఇది గింజ స్వగుణం. రెండవ మార్గం స్థానభ్రంశం. సంతృప్త కొవ్వు అధికంగా ఉన్న ఆహారం పళ్లెం నుండి తొలగి, ఆ చోటికి సోయా వచ్చినప్పుడు కలిగే లాభం ఇది. 2010లో టొరంటోకు చెందిన జెంకిన్స్ బృందం ఈ రెండు మార్గాల ప్రభావం దాదాపు సమానమని అంచనా వేసింది.

మన ప్రాంతానికి ఈ రెండవ మార్గమే కీలకం. విదేశీ పరీక్షలలో సోయాను ఎక్కువగా పాల మాంసకృత్తులతోను, మాంసాహారంతోను పోల్చారు. కొల్లూరు కార్మికుని క్యారియర్‌లో ప్రధానంగా ఉండేది అన్నం, పప్పు, పచ్చడి. పప్పు స్థానంలో మీల్ మేకర్ వస్తే తొలగే సంతృప్త కొవ్వు దాదాపు లేదు. మేకమాంసం కూర, వనస్పతిలో వేయించిన చిరుతిండి స్థానంలో వస్తే లాభం ఉంటుంది. మీల్ మేకర్‌ను నూనెలో వేయించి ఇగురు చేస్తే అది స్పంజిలా నూనె పీల్చుకుంటుంది. ఉద్దేశం అక్కడే దెబ్బతింటుంది.

పళ్లెంలో 25 గ్రాములు ఎంత?

సోయాచిక్కుడు గింజలో సుమారు 40 శాతం మాంసకృత్తులు, 20 శాతం నూనె ఉంటాయి. నూనె తీసిన పిండితో తయారయ్యే మీల్ మేకర్‌లో మాంసకృత్తులు 50 శాతం పైగా ఉంటాయి. ఆ లెక్కన 25 గ్రాముల మాంసకృత్తులకు పొడి మీల్ మేకర్ సుమారు 50 గ్రాములు, ఎండు గింజలు 60 నుండి 65 గ్రాములు, సోయా పాలైతే ముప్పావు లీటరుకు పైగా కావాలి. తొమ్మిది పాళ్ల గోధుమలకు ఒక పాలు సోయా కలిపి మర పట్టించిన పిండి 100 గ్రాములలో సోయా నుండి వచ్చేది 4 గ్రాములే. కనుక ఆ రొట్టెలతో కొలెస్టరాల్ తగ్గుతుందని చెప్పడం సరికాదు. గోధుమలో కొరవడే లైసిన్‌ను సోయా భర్తీ చేస్తుంది కాబట్టి మాంసకృత్తుల నాణ్యత మెరుగవుతుందని మాత్రం నిస్సంకోచంగా చెప్పవచ్చు.

జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. 60 కిలోల వ్యక్తికి ఇది 50 గ్రాములు. పొడి మీల్ మేకర్ 50 గ్రాములు అందులో సగం సమకూరుస్తుంది. మన ప్రజలకు సోయా చేసే అసలు మేలు ఇదేనని నా అభిప్రాయం.

పచ్చి గింజలో జీర్ణక్రియను అడ్డుకునే ట్రిప్సిన్ నిరోధకాలుంటాయి. గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, బాగా ఉడికించి వాడాలి. పిండి పట్టించేటప్పుడు కూడా ముందుగా ఉడికించి, ఎండబెట్టి, మరకు పంపాలి. కూనిట్జ్ ట్రిప్సిన్ నిరోధకం లేని ఎన్.ఆర్.సి. 127 రకాన్ని ఇందౌర్‌లోని సోయాబీన్ పరిశోధన సంస్థ రూపొందించింది. ఇటువంటి ఆహార రకాలను మన నేలలలో పరీక్షించడం విద్యార్థులకు మంచి పరిశోధనాంశం.

పొలం నుండి పళ్లెం వరకు

ఇదే జిల్లాలోని నారాయణఖేడ్ ప్రాంతపు నల్లరేగళ్లలోను, ఉత్తర తెలంగాణలో ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాలలోను సోయాచిక్కుడు వానాకాలపు ముఖ్య పంట. పండిన గింజ ఎక్కువగా నూనె మిల్లుకు చేరుతుంది. నూనె వంటింటికి, పిండి చాలావరకు కోళ్ల మేతకు పోతాయి. పొలం గట్టున నిలబడి పంటను చూసే కుటుంబమే ఆ గింజను నేరుగా వండుకోవడం అరుదు. స్వయం సహాయక సంఘాల స్థాయిలో శుభ్రపరచడం, ఉడికించి పిండి చేయడం, సోయా పాలు తీయడం వంటి చిన్న యూనిట్లు ఈ దూరాన్ని తగ్గించగలవు. వాటిని ప్రోత్సహించేందుకు మాంసకృత్తుల విలువ చాలు. ఔషధ గుణాల ఆర్భాటం అవసరం లేదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. సోయా ఎల్.డి.ఎల్.ను స్వల్పంగా తగ్గిస్తుందని చెప్పండి. "కొవ్వును కరిగిస్తుంది" వంటి మాటలు వాడవద్దు.
2. సోయా తినమన్నప్పుడు దేనికి బదులుగా తినాలో కూడా చెప్పండి.
3. వైద్యుడు రాసిన మాత్రలను సొంతంగా ఆపవద్దని ప్రతి సమావేశంలో, ప్రతి కరపత్రంలో స్పష్టం చేయండి.
4. థైరాయిడ్ మాత్రలు వాడేవారిలో సోయా ఆ మందు శోషణను తగ్గించవచ్చు. రెండింటి మధ్య ఎంత వ్యవధి ఉండాలో వైద్యుని అడగమనండి. మూత్రపిండాల జబ్బు, సోయా అలర్జీ ఉన్నవారు వైద్య సలహా లేకుండా వాడరాదు.
5. పాత కరపత్రాన్ని తిరిగి ముద్రించే ముందు అందులోని ఆరోగ్య వాక్యాలను కొత్త పరిశోధనలతో సరిచూడండి.

ఆనాటి సభలో ఆ కార్మికునికి నేను చెప్పినది ఇంతే: మీల్ మేకర్ మానవద్దు, వేపుడు చేయకుండా కూరలో ఉడికించి తినండి, గోలీ ఆపినందుకు రేపే డాక్టరును కలిసి, రక్తపరీక్ష చేయించుకోండి. ఆయన కాసేపు ఆలోచించి, "మరి ఆ కాయితం ఎందుకిచ్చిన్రు సారూ?" అన్నారు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవారిలో మనమూ ఉన్నాము.