చెప్పు పని చెప్పుది, పాదం పని పాదానిది

అప్పుడే పుట్టిన బిడ్డ పాదాన్ని ఎక్స్‌రే తీస్తే, మడమ నుంచి పాదం నడిమి వరకు ఉండాల్సిన ఏడు ఎముకల్లో రెండో మూడో మాత్రమే తెల్లగా కనిపిస్తాయి. మిగతా చోటంతా ఖాళీగా ఉన్నట్టు ఉంటుంది. అక్కడున్నది మృదులాస్థి. ఇంకా సున్నం పట్టి గట్టిపడలేదు కాబట్టి ఎక్స్‌రేలో ఎముకలా పడదు. అరికాలి వంపుకు నడుమ దూలంలా నిలిచే పడవ ఆకారపు ఎముక అన్నిటికన్నా ఆలస్యంగా గట్టిపడుతుంది. చాలామంది పిల్లల్లో అది మొదలయ్యేదే రెండేళ్లకూ నాలుగేళ్లకూ మధ్య. పాదంలోని 26 ఎముకల ఎదుగుదల పూర్తయ్యేసరికి పిల్లలు పదో తరగతో ఇంటరో దాటుతారు. అంటే మూడేళ్ల పాపకు మనం కొనే చెప్పు ఇంకా తయారవుతున్న పాదానికి తొడిగే చెప్పు. ఇరుకు చెప్పు వేస్తే ఆ పాదం దాని ఆకారానికి తగ్గట్టు ముడుచుకుపోతుంది, పెద్దగా నొప్పి కూడా పుట్టదు. అందుకే పిల్లలు బిగుతు చెప్పు గురించి ఫిర్యాదు చేయరు. ఫిర్యాదు లేదంటే చెప్పు సరిపోయిందనే పెద్దవాళ్ల లెక్క ఇక్కడే తప్పుతుంది.

వేసవి చెప్పుల ఎంపికలో మనం అడగాల్సిన ప్రశ్న ఒకటే. చెప్పు ఏ పని చేయాలి, పాదానికి ఏ పని వదిలేయాలి? దుకాణంలో వినిపించే మాటలన్నీ మొదటి పని గురించే ఉంటాయి. లోపల వంపుకు ఆసరా ఉంది, మడమను గట్టిగా పట్టుకుంటుంది, నడక తీరు సరిచేస్తుంది అంటారు. పరిశోధనలు మాత్రం చాలాకాలంగా రెండో వైపే మొగ్గుతున్నాయి. అమెరికాకు చెందిన పిల్లల ఎముకల వైద్యుడు లిన్ స్టాహెలీ 1991లో అప్పటి వరకు వచ్చిన అధ్యయనాలన్నిటినీ పరిశీలించి, పాదం బాగా ఎదిగేది వట్టి కాళ్లతో తిరిగినప్పుడేననీ, చెప్పు అసలు పని దెబ్బల నుంచీ అంటురోగాల నుంచీ కాపాడటమేననీ తేల్చారు. వేళ్లు నేలను పట్టుకోవడం, అరికాలు వంగడం, చీలమండ అటూ ఇటూ సర్దుకోవడం అనే కదలికలతోనే పాదంలోని చిన్న కండరాలు బలపడతాయి. చెప్పు వాటిని ఎంత తక్కువగా అడ్డుకుంటే అంత మంచిది.

దీనికి బలమైన ఆధారాల్లో ఒకటి మన పొరుగు రాష్ట్రం కర్ణాటకలోని మణిపాల్ నుంచే వచ్చింది. అక్కడి ఎముకల వైద్యులు రావు, జోసెఫ్ నాలుగు నుంచి పదమూడేళ్ల లోపు 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసుకుని 1992లో ఫలితాలు ప్రకటించారు. చెప్పులో బూట్లో వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలున్నాయి. వట్టి కాళ్లతో తిరిగేవాళ్లలో అది 2.8 శాతమే. ఇంకా ఆసక్తి కలిగించే సంగతి ఏమిటంటే, ముందు భాగం మూసి ఉన్న బూట్లు వేసుకునే పిల్లల్లో చదును పాదాలు అందరికన్నా ఎక్కువ. శాండిల్స్, చెప్పులు వేసుకునేవాళ్లలో అంతకన్నా తక్కువ, ఏమీ వేసుకోనివాళ్లలో అతి తక్కువ. పాదాన్ని ఎంత మూసేస్తే వంపు అంత ఆలస్యమవుతోందేమోనన్న అనుమానానికి ఈ వరుస ఊతమిస్తుంది. మూడేళ్ల తర్వాత పెద్దవాళ్ల పాదముద్రలతో జరిపిన మరో అధ్యయనంలోనూ, చిన్నప్పటి నుంచే చెప్పులు వేసుకున్నవాళ్లలో చదును పాదాలు ఎక్కువగా కనిపించాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. ఒకే రోజు తీసిన పాదముద్ర కారణాన్ని రుజువు చేయదు. బూట్లు వేసుకునే పిల్లల ఇంటి పరిస్థితి, తిండి, బరువు, ఆటలు వట్టి కాళ్ల పిల్లలవాటికి భిన్నంగా ఉండొచ్చు. పైగా చదును పాదం దానికదే జబ్బు కాదు. రెండు మూడేళ్ల పిల్లల అరికాలి కింద కొవ్వు మెత్త ఉంటుంది కాబట్టి దాదాపు అందరి పాదమూ చదునుగానే కనిపిస్తుంది. వంపు తేలడానికి ఆరేళ్లో, కొందరికి పదేళ్లో పడుతుంది. ఈ రెండు మాటలూ ఒప్పుకుందాం. ఒప్పుకున్నా, బూటు వంపును తెచ్చిపెడుతుందన్న వాదనకు మాత్రం ఆధారం దొరకదు. అమెరికాలోని డాలస్ నగరంలో వెంగర్ బృందం ఆ సంగతినే నేరుగా పరీక్షించింది. చదును పాదాలున్న చిన్నపిల్లల్ని కొన్ని జట్లుగా విడగొట్టి, కొందరికి ప్రత్యేక బూట్లు, కొందరికి మడమ కింద పెట్టే గిన్నెలు, కొందరికి కొలతలు తీసి చేసిన ఆసరాలు ఇచ్చారు. ఒక జట్టుకు ఏమీ ఇవ్వలేదు. మూడేళ్ల తర్వాత చూస్తే, 1989లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏమీ వేసుకోని పిల్లల పాదాలూ అంతే మెరుగయ్యాయి. కాబట్టి వంపు ఆసరా ఉందని చెప్పి రెట్టింపు ధర అడిగితే ఇవ్వక్కర్లేదు. మునివేళ్ల మీద నిలబెట్టినప్పుడు కూడా వంపు రాని పాదం, బిగుసుకుపోయి వంగని పాదం, నొప్పి పెట్టే పాదం, రెండు కాళ్లలో ఒకటే చదునుగా ఉండటం మాత్రం వైద్యుడికి చూపించాల్సినవి.

మరి వట్టి కాళ్లతోనే వదిలేస్తే సరిపోదా? ఇంట్లో, శుభ్రమైన పెరట్లో, మెత్తటి ఇసుకలో, నీడన, నిక్షేపంగా వదిలేయొచ్చు. మన వేసవి వీధి మాత్రం ఆ అవకాశం ఇవ్వదు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో బడి వదిలితే పిల్లలు ఇంటికి నడిచేది నేల బాగా కాగే వేళలోనే. రామగుండంలోనో రెంటచింతలలోనో గాలి వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు ఎండలో ఉన్న తారు రోడ్డు 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. నల్లటి తారు ఎండను పీల్చుకుంటుంది కాబట్టి పగటి ఎండలో రోడ్డు గాలికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. చర్మం ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందో మోరిట్జ్, హెన్రిక్స్ అనే అమెరికన్ పరిశోధకులు 1947లో లెక్కగట్టారు. 44 డిగ్రీల దగ్గర దాదాపు ఆరు గంటలు పడితే, 60 డిగ్రీల దగ్గర కొన్ని సెకన్లే చాలు. అవి వేడి నీటితో చేసిన ప్రయోగాలు. పొడి రోడ్డు మీద, మందమైన అరికాలికి ఇంకొంత వ్యవధి దొరుకుతుంది. చిన్నపిల్లల అరికాలు పెద్దవాళ్లదంత మందంగా ఉండదు కాబట్టి ఆ వ్యవధి వాళ్లకు తగ్గిపోతుంది. ఒకే వేడిలో ఉన్నా నేలలన్నీ ఒకేలా కాల్చవు. బండరాయి తనలోని వేడిని వేగంగా కాలికి అందిస్తుంది, పొడి మట్టి నెమ్మదిగా అందిస్తుంది. గుడి ప్రాంగణంలో రాతి పలకల మీద పెద్దవాళ్లే పరుగెత్తడానికీ, అక్కడ కొబ్బరి పీచు పట్టాలు పరిచి నీళ్లు చల్లడానికీ కారణమిదే.

వేడి ఒక్కటే కాదు. పల్లెల్లో పల్లేరుకాయలు, తుమ్మముళ్లు, పట్నాల్లో గాజుపెంకులు, మేకులు ఉంటాయి. తడి మట్టిలో ఉండే కొంకిపురుగు పిల్లలు వట్టి అరికాలి చర్మం గుండానే ఒంట్లోకి చొరబడతాయి, ఆ తర్వాత పేగుల్లో చేరి రక్తం పీల్చి రక్తహీనత తెస్తాయి. ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్రలు వేసేది ఇలాంటి పురుగుల మీదే. వట్టి కాళ్లు మంచివన్న శాస్త్రాన్ని పట్టుకుని ఈ ప్రమాదాల్ని తోసిపుచ్చితే బలయ్యేది చెప్పులు కొనుక్కోలేని ఇళ్ల పిల్లలే. చెప్పు కావాలి. అది నేలకూ కాలికీ మధ్య నిలబడాలి, అంతకు మించి కాలిని శాసించకూడదు.

ఈ లెక్కతో చూస్తే సోల్ సంగతి ముందు తేలాలి. నురుగు సోల్ లోపల గాలి చిక్కుకుని ఉంటుంది కాబట్టి మామూలు రబ్బరుకన్నా వేడిని చాలా నెమ్మదిగా పైకి పంపుతుంది, తేలికగా కూడా ఉంటుంది. అయితే ముల్లు దానిలో సులువుగా దిగుతుంది, గరుకు రోడ్డు మీద త్వరగా అరిగిపోతుంది. కింద పలచటి రబ్బరు పొర, పైన నురుగు పొర ఉన్న శాండిల్ రెండు ఇబ్బందులకూ జవాబు. మందం పెరిగేకొద్దీ భద్రత పెరుగుతుందనుకోవడం పొరపాటు. మందపాటి సోల్ వంగదు, వంగని సోల్ మీద పిల్లల కాలు చెక్కపలక మీద పెట్టినట్టే పడుతుంది. కొనేముందు చెప్పును ముందు, వెనక పట్టుకుని వంచి చూడాలి. వేళ్లు మొదలయ్యే చోట, అంటే పాదం సహజంగా వంగే చోట, చేతి బలంతో తేలిగ్గా వంగాలి. పిల్లలు బూట్లతో నడిచే తీరు మీద జరిగిన అధ్యయనాల్ని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు కలిపి చూస్తే, బూట్లు వేసుకున్నప్పుడు అడుగులు పొడవవుతాయనీ, పాదం లోపలి కదలిక తగ్గుతుందనీ తేలింది. చెట్టెక్కాలన్నా, గట్టు మీద పరుగెత్తాలన్నా, తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద గెంతాలన్నా ఆ కదలికే కావాలి. లోపలి అట్ట రంగు కూడా పట్టించుకోవాలి. గుడి బయట ఎండలో అరగంట విడిచిన నల్లటి అట్ట, లోహపు బకిల్ చర్మాన్ని చుర్రుమనిపిస్తాయి. లేత రంగు అట్ట, వెల్క్రో పట్టీ ఆ బాధ తప్పిస్తాయి.

పాదం చెమట పట్టే తీరు చాలామందికి తెలియదు. రెండు పాదాల్లో కలిపి సుమారు రెండున్నర లక్షల స్వేద గ్రంథులుంటాయి. ఎండలో ఆడే పిల్లల బూట్లో, ఆ తడి రెగ్జిన్ గుండా బయటికి పోలేక వేళ్ల సందుల్లో నిలిచిపోతుంది. చర్మం నాని, బూజు జాతి అంటువ్యాధికి చోటు దొరుకుతుంది. అందుకే వేసవిలో పైభాగం తెరిచి ఉండటమే మేలు. గుడ్డ పట్టీలు గానీ, లోపలి వైపు మెత్తటి గుడ్డ పొర ఉన్న పట్టీలు గానీ చర్మాన్ని ఒరుసుకోవు.

వేళ్ల మధ్య పట్టీ ఉండే హవాయి చెప్పుల మీద పెద్ద నింద ఉంది. అదంతా నిజం కాదు. ఆస్ట్రేలియాలో 2013లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో, అలాంటి చెప్పులతో నడిచే పిల్లల పాదం కదలిక అనుకున్నదానికన్నా వట్టి కాళ్ల కదలికకు దగ్గరగా ఉంది. అందువల్ల పెరట్లోకీ పక్కింటికీ వాటితో నష్టం లేదు. పరుగు, మెట్లు, సైకిలు విషయంలో మాత్రం వెనక పట్టీ లేని చెప్పు జారుతుంది, దాన్ని పట్టుకోవడానికి వేళ్లు ముడుచుకుంటాయి. మూడు నాలుగేళ్ల లోపు పిల్లలకు మడమ వెనక పట్టీ ఉన్న శాండిల్ తప్ప మరొకటి వద్దంటాను. రంధ్రాలుండే మెత్తటి క్లాగ్స్ తేలిక, కడుక్కోవడం సులువు. మెత్తగా ఉండటమే ఎస్కలేటర్ల దగ్గర వాటి ప్రమాదం. మెట్టుకూ పక్క గోడకూ మధ్య సందులో చిక్కుకుంటాయి. జపాన్‌లో ఇలాంటి ప్రమాదాలు వరుసగా జరిగాక, 2008లో అక్కడి ప్రభుత్వం తయారీదారుల్ని వాటి ఆకృతి మార్చమని కోరింది. మాల్‌లో ఎస్కలేటర్ ఎక్కేటప్పుడు పిల్లల్ని మెట్టు మధ్యలో, చెయ్యి పట్టుకుని నిలబెట్టాలి.

ఇక కొలత సంగతి. చాలా ఇళ్లలో ఒక సైజు పెద్దది కొనే అలవాటు ఉంది. డబ్బు ఆదా అన్న కారణం చిన్నదేమీ కాదు, దాన్ని తేలిగ్గా తీసేయలేం. లెక్క చూద్దాం. మూడేళ్ల లోపు పాదం నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు, ఆ తర్వాత ఆరేళ్ల వరకు నెలకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మన దుకాణాల్లో వాడే బ్రిటిష్ సైజుల్లో ఒక్కో సైజుకూ తేడా దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. వేళ్ల ముందు 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి కొంటే మూడేళ్ల లోపు పిల్లలకు నాలుగైదు నెలలు, అంటే వేసవి మొత్తం, హాయిగా గడుస్తుంది. అంతకు మించి ఖాళీ ఉంచితే పాదం ముందుకు జారుతుంది, పిల్లలు తట్టుకుని పడతారు. పొట్టి చెప్పు అంతకన్నా చెడ్డది. ఆస్ట్రియాలో 858 మంది బడికి పోని వయసు పిల్లల్ని పరీక్షించగా, మూడింట రెండు వంతులకు పైగా పిల్లల బయటి బూట్లు పొడవు చాలనివి. బూటు ఎంత పొట్టిదైతే బొటనవేలు అంతగా పక్కకు వాలింది. బూటు మీద బొటనవేలితో నొక్కి చూసే పద్ధతి నమ్మదగ్గది కాదు, నొక్కగానే పిల్లలు వేళ్లు ముడుస్తారు. ఒక అట్టముక్క మీద పిల్లను నిలబెట్టి పొడవైన వేలి కొన దగ్గర గీత పెట్టి, దానికి 12 మిల్లీమీటర్లు కలిపి, సన్నటి పట్టీగా కత్తిరించి దుకాణానికి తీసుకెళ్లాలి. చెప్పులో మడమ నుంచి పెడితే ఆ పట్టీ వంగకుండా ఇమడాలి. రెండు కాళ్లూ కొలవాలి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. కాళ్లు కొంచెం ఉబ్బి ఉండే సాయంత్రం వేళ కొలిస్తే ఇంకా మంచిది.

పొడవు కుదిరినా వెడల్పు కుదరకపోవడం మన దగ్గర మామూలే. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ దేశవ్యాప్తంగా లక్ష మందికి పైగా పాదాల్ని స్కానర్లతో కొలిచి, భారతీయుల పాదాలు యూరప్, అమెరికా కొలతల కంటే వెడల్పని తేల్చింది. దాని ఆధారంగా ‘భ’ పేరుతో మన సొంత సైజుల పద్ధతిని ప్రతిపాదించింది. అది బజారంతా వచ్చే వరకు వేళ్ల దగ్గర విశాలంగా ఉండి, పట్టీలతో బిగువు సర్దుకోగల శాండిల్స్ ఈ లోటును కొంత పూడుస్తాయి. అన్న వేసుకున్న చెప్పులు తమ్ముడికి ఇవ్వడంలో తప్పు లేదు, సోల్ ఒక పక్కకు అరగకుండా, అట్ట మీద అన్న వేళ్ల గుంటలు లోతుగా పడకుండా ఉంటే.

అందం మాటకొస్తే, పిల్లలు రంగు చూసి ఎంచుకుంటారు, ఎంచుకోనివ్వాలి. ఇష్టపడి తీసుకున్న చెప్పునే ఎండలోకి వెళ్లేముందు మరిచిపోకుండా వేసుకుంటారు. కుయ్ కుయ్‌మనే బూట్లతో కొంచెం జాగ్రత్త అవసరం. చప్పుడు కోసం మడమ కింద పెట్టే ఈల వల్ల అక్కడ సోల్ మందమవుతుంది, ఆ ఈల ఊడితే ఏడాదిన్నర పిల్ల నోట్లో పెట్టుకుంటుంది. అంటించిన పూలు, ముత్యాలు కూడా అంతే, గట్టిగా లాగి చూశాకే కొనాలి. మూడేళ్లు నిండిన పిల్లలు వెల్క్రో పట్టీని తామే పెట్టుకోగలరు, తీసుకోగలరు. ఎడమ చెప్పు లోపల సగం బొమ్మ, కుడి చెప్పు లోపల మిగతా సగం అంటిస్తే, రెండూ కలిపి బొమ్మ పూర్తి చేసే ఆటలోనే ఏ కాలికేదో నేర్చుకుంటారు. ఏప్రిల్‌లో కొన్న చెప్పుల్ని జూన్‌లో బడులు తెరిచేనాటికి మళ్లీ అట్టముక్కతో కొలవాలి. రెండేళ్ల పిల్ల పాదం అప్పటికే మూడు మిల్లీమీటర్లు పెరిగి ఉంటుంది.