అక్షరాలు అవే.. అర్థం తారుమారు!

బీటెక్ ఫైనలియర్‌లో నా రెజ్యుమె ఒకే ఒక్క పేజీ. పదిసార్లు చదువుకున్నా. ఫ్రెండ్స్‌తో చదివించా. స్పెల్‌చెక్ పెడితే ఒక్క ఎర్ర గీత కూడా రాలేదు. ధీమాగా ఇంటర్వ్యూకి వెళ్లా. ప్యానెల్‌లోని మేడమ్ ప్రాజెక్టు పేరు దగ్గర పెన్నుతో సున్నా చుట్టి, ‘క్లినికల్ ట్రెయిల్ ఏంటి? ఆస్పత్రిలో ట్రెక్కింగా?’ అని అడిగారు. నేను రాయాలనుకున్నది ట్రయల్. టైప్ చేసేటప్పుడు ఐ, ఏ చోట్లు మారిపోయాయి. రెండూ సరైన పదాలే కాబట్టి కంప్యూటర్ ఊరుకుంది. మనిషి ఊరుకోలేదు. ఆ ఉద్యోగం రాలేదు. అదొక్కటే కారణం అనను. కానీ ఆ సున్నా పడ్డాక మిగతా పావుగంట నా నోరు పెగల్లేదు.

ఆ రోజు నుంచి ఇలాంటి పదాల మీద కన్నేశా. మీక్కూడా పనికొస్తాయి.

కవల పదాలతో జాగ్రత్త

ఐదే అక్షరాలు, అవే అక్షరాలు, వరస మాత్రం వేరు. ఇలాంటి జంటల్ని గుర్తుపెట్టుకోవడానికి నా చిట్కాలివి:

* ట్రయల్, ట్రెయిల్: మొదటిది పరీక్ష, రెండోది కాలిబాట. బాట పదంలో మొదటి అక్షరం తీసేస్తే రైలు మిగులుతుంది. రైలుకీ ఓ బాట ఉంటుందిగా!
* డైరీ, డెయిరీ: పాల డెయిరీలో డీ తర్వాత ఎయిర్ స్పెల్లింగ్ ఉంటుంది. మనం రాసుకునే డైరీలో ఉండదు.
* యాంగిల్, ఏంజెల్: ట్రయాంగిల్ చివర ఉండేది యాంగిల్, అంటే కోణం. దేవదూత చివర జెల్ వస్తుంది.
* క్వయట్, క్వైట్: నిశ్శబ్దం అనే పదం చివర డైట్‌లాగే ఐ-ఈ-టీ. ఒకటి మాటకి తాళం, ఇంకోటి తిండికి తాళం. ‘చాలావరకు’ అనే క్వైట్ మాత్రం కైట్‌లాగా ఐ-టీ-ఈతో ముగుస్తుంది.

ఒకే గుంపులో ఐదు పదాలుండే కుటుంబాలూ ఉన్నాయి. పలక అనే స్లేట్‌లోని అక్షరాల్నే అటూఇటూ మారిస్తే స్టీల్ (దొంగిలించు), స్టేల్ (పాచిపోయిన), లీస్ట్ (అతి తక్కువ), టేల్స్ (కథలు) వస్తాయి.

ఎన్ని పదాలు వస్తే చాలు?

లావుపాటి డిక్షనరీ చూసి భయపడేవాళ్లకి వర్డిల్ ఆట కథ ధైర్యమిస్తుంది. వేల్స్‌లో పుట్టి, అప్పట్లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ జోష్ వార్డిల్ దీన్ని తన భాగస్వామి పలక్ షా కోసం తయారుచేశాడు. ఇంగ్లిష్‌లో ఐదక్షరాల పదాలు దాదాపు 12,000 ఉంటే, తెలిసినవేవో తెలియనివేవో ఆమె వేరు చేసింది. చివరికి జవాబుల జాబితాలో మిగిలినవి 2,300 చిల్లర. 2021 నవంబర్ 1న ఆడినవాళ్లు 90 మంది. 2022 జనవరి 2 నాటికి 3 లక్షలు దాటారు. ఆ నెలాఖరుకే న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొనేసింది. మనకి ఇందులో పాఠం ఏంటంటే, వేల పదాలు బట్టీ పట్టక్కర్లేదు. అందరికీ పరిచయమున్న పదాల్ని తప్పుల్లేకుండా వాడితే చాలు.

ఊహ కాదు.. లెక్క

ఈ ఆటలో అవకాశాలు ఆరే. మొదటి ప్రయత్నంలో నైట్ (రాత్రి) కొట్టారు. చివరి నాలుగక్షరాలు ఆకుపచ్చగా వచ్చాయి. సంబరపడితే బుక్కైపోతారు! ఎయిట్, ఫైట్, లైట్, మైట్, రైట్, సైట్, టైట్.. ఇంకా కనీసం ఏడున్నాయి. ఒక్కోటి కొడుతూ పోతే ఛాన్సులు అయిపోతాయి. అదే రెండోసారి ఫిల్మ్స్ అని కొట్టండి. ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ ఒకే దెబ్బకి తేలిపోతాయి. ఏదైనా ఒకటి వెలిగితే జవాబు దొరికినట్టే. ఏదీ వెలగకపోతే ఈ ఏడింటిలో మిగిలేవి మూడే. హార్డ్ మోడ్‌లో మాత్రం ఈ ఎత్తు కుదరదు. యాప్టిట్యూడ్ పరీక్షలో ఆప్షన్లు తగ్గించుకోవడం, కోడ్‌లో బగ్ వెతకడం కూడా ఇదే బుర్రతో చేసే పనులు.

కోడింగ్ రౌండ్‌లోనూ ఇవే!

‘ఒకే అక్షరాలున్న పదాల్ని గుంపులుగా విడగొట్టండి’ అన్నది లీట్‌కోడ్‌లో 49వ ప్రశ్న. ప్రతి పదాన్నీ మిగతా అన్నిటితో పోల్చుకుంటూ కూర్చుంటే టైమ్ సరిపోదు. ఒక్కో పదంలోని అక్షరాల్ని అకారాది వరసలో పేర్చండి. స్లేట్ కుటుంబంలో ఏ పదాన్ని పేర్చినా ఏ-ఈ-ఎల్-ఎస్-టీ అనే వస్తుంది. దాన్నే పైథాన్ డిక్షనరీలో కీగా పెట్టి, పదాల్ని దాని కింద చేరిస్తే గుంపులు వాటంతటవే తయారవుతాయి. ‘ఇంకా వేగంగా చేయొచ్చా?’ అని అడిగితే, పేర్చకుండా 26 అక్షరాల్లో ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, ఆ లెక్కనే కీ చేస్తానని చెప్పండి.

పంపే ముందు పది నిమిషాలు

* రెజ్యుమెని కింది లైన్ నుంచి పైకి చదవండి. అర్థం వెంట పరిగెత్తకుండా కళ్లు అక్షరాల మీద ఆగుతాయి.
* మీరు తరచూ తడబడే జంటల్ని ఓ చిన్న పుస్తకంలో రాసుకోండి. నాలుగక్షరాల ఫామ్, ఫ్రమ్ కూడా అందులో ఉండాలి.
* ఫైల్ తెరిచి, ఫైండ్‌లో ఆ పదాలు ఒక్కోటి కొట్టి చూడండి.

నేనైతే ఇప్పటికీ ఏ ఫైల్ పంపినా ముందు ఫైండ్‌లో టీ-ఆర్-ఏ-ఐ-ఎల్ అని కొడతా. ‘దొరకలేదు’ అని వచ్చాకే సెండ్ నొక్కుతా.