ఇరుకు వసారా

ఫరంపేటలో మా వీధి వసారా వెడల్పు 4 అడుగులు మాత్రమే. వసారా అన్నాక కుర్చీలుండవద్దా అని ఉబలాటపడి, పేము కుర్చీలు రెండు తెచ్చి వేశాను. కుర్చీకి రెండడుగులు, కూర్చున్నవారి కాళ్లకు అడుగున్నర. ఇక నడవడానికి దారేదీ? మామగారు వాటిని తప్పుకొనబోయి రెండుసార్లు తూలారు.

వాటిని లోపలికి చేర్చి, వడ్రంగిచేత గోడకు 14 అంగుళాల బల్ల మడతబందులతో వేయించాను. అవసరం లేనప్పుడు పైకెత్తి కొక్కెం తగిలిస్తే సరి. కాళ్లు లేవు గనుక ఊడ్చుకోవడమూ తేలిక.

పూలకుండీలను మాత్రం నేలమీద పెట్టకండి, సోదరీమణులారా! 2022 జూలైలో గోదావరి వరద యానాంలోకి వచ్చినప్పుడు, బియ్యం బస్తా చూసుకొనేదా, కుండీలు మోసేదా అన్నట్లయింది నా పని. కడియం నుంచి తెచ్చుకొన్న మొక్కలు ఇప్పుడు దూలానికి ఉట్లలో వ్రేలాడుతున్నాయి. అటకమీది పాత ఉట్లకు పని దొరికింది!

పడమటి ఎండకు వెదురు తెర కట్టించాను. చూసినవారంతా బాగుందన్నారు గాని, మామగారి ముఖం చిన్నబోయింది. అడగ్గా అడగ్గా, "వీధి కనబడడం లేదమ్మా" అన్నారు. ఎనభై దాటిన మనిషి, మెట్లు దిగలేరు. వచ్చేపోయేవారిని పలకరించడమే ఆయనకు కాలక్షేపం. అందం చూసుకొన్నానే గాని ఆ సంగతి నాకు తట్టనేలేదు.

ఇప్పుడు తెర మూడు గంటలకు దించి, ఐదింటికి చుట్టేస్తున్నాను. ఆ రెండు గంటలూ ఆయన లోపల కునుకు తీస్తారు. ఐదు కొట్టేసరికి బల్ల దించేదీ ఆయనే.